ఎడమవైపు తడి

తెల్లవారుతుండగా నా ముక్కు మీద ఒక చల్లటి చుక్క పడింది. వెంటనే ఇంకొకటి, చెవిలో. కళ్లు తెరిచి చూస్తే నా తల పైన టెంటు గుడ్డ నిండా నీటిబొట్లు, ఎప్పుడు రాలదామా అని వేలాడుతున్నాయి. పక్కకి తిరిగాను. మా ఆయన పైడిరాజు కుడివైపు వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నారు. ఆయన తల పైన గుడ్డ ఎండలో ఆరేసిన పంచెలా పొడిగా ఉంది. ఒకే టెంటు, ఒకే గుడ్డ, ఒకే చలి. ఆయనకి పొడి, నాకు తడి.

నాకు ఒళ్లు మండిపోయింది. గడ్డకట్టే చలిలో ఒళ్లు మండడం అంటే ఏమిటో తెలియాలంటే రెండో పెళ్లివాణ్ణి కట్టుకుని లంబసింగి కొండ మీద పడుకోవాలి.

సంగతేమిటో చెబుతాను. కొండలెక్కేవాళ్లకి వీపు మీది బరువే శత్రువు. అందుకని వాళ్లకి ఒకే పొర గుడ్డతో టెంట్లు కుడతారు. మడిస్తే చిన్న దిండంత ఉంటుంది, మోస్తే రెండు కిలోల బియ్యం సంచి కంటే తేలిక. కానీ దానికో శాపం ఉంది. లోపల పడుకున్నవాళ్ల ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిని పిండితే చెంబుడు నీళ్లు వస్తాయి. ఆ నీళ్లకి బాతు ఈకలు కూరిన స్లీపింగ్ బ్యాగు తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. లంబసింగిలో అయితే తుమ్ములతో సరి. మంచుకొండల మీద అయితే ప్రాణమే పోవచ్చు. అందుకే ఏటి ఒడ్డున పల్లంలో టెంటు వెయ్యకూడదంటారు. గాలి తగిలే గట్టు మీద వెయ్యాలి, పైన కిటికీ తెరిచి ఉంచాలి, తడి బూట్లు బయటే వదలాలి, లోపల స్టవ్ వెలిగించకూడదు, చలేస్తోందని ముఖాన్ని బ్యాగులో దూర్చి ఊపిరి వదలకూడదు. ఇన్నీ చేశాక కూడా పొద్దున్నే లేచి గుడ్డతో తుడుచుకోవలసిందే.

మా టెంటుకి తుడవడం అక్కర్లేదు. అంటే, దానికి తెలిసినవాళ్లు పడుకుంటే అక్కర్లేదు. దాన్ని నేసిన పోగులు తేమ తగిలితే వంగుతాయి, ఆరితే నిటారవుతాయి. వంగినప్పుడు మధ్యలో కంటికి కనబడని సందులు తెరుచుకుంటాయి, గుడ్డ రంగు ఒక్క క్షణం లేతబడుతుంది. కొత్తలో అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆ లోపే నీరు పట్టేస్తుంది. కానీ ఒకే మనిషి దాని కింద ఒక చలికాలమంతా పడుకుంటే, చెప్పు కాలికి అలవాటు పడ్డట్టు ఆ పోగులు ఆ మనిషి ఊపిరికి అలవాటు పడతాయి. ఒంటి వెచ్చదనం తగలగానే ఆ లయ మొదలుపెడతాయి. ఊపిరి రాబోతోందనగానే తెరుచుకుని, తేమని బయటికి పంపేసి మూసుకుంటాయి.

దాన్ని కనిపెట్టింది హైమవతి. మా ఆయన మొదటి భార్య. ఆవిడా ఆయనా ఇదే గట్టు మీద, ఇదే టెంటులో, ఒక చలికాలమంతా పడుకుని దానికి తమ ఊపిరి నేర్పారు. కుడివైపు గుడ్డ ఆయన్ని నేర్చుకుంది. ఎడమవైపు గుడ్డ ఆవిణ్ణి నేర్చుకుంది. ఆ తర్వాతి ఎండాకాలంలో ఆవిడ జబ్బుతో పోయింది. నేను ఆ పైన వచ్చాను, ముందు విశాఖలో వాళ్లు ఈ టెంటు తయారుచేసిన షెడ్డులోకి కుట్లు చూసే ఇంజనీరుగా, తర్వాత ఇంట్లోకి భార్యగా.

ఇప్పుడు ఎడమవైపు పడుకుంటున్నది నేను. గుడ్డ మాత్రం హైమవతి కోసం తెరుచుకుంటోంది. నేను ఊపిరి వదిలేసరికి మూసుకుని కూర్చుంటోంది. సవతి మట్టిబొమ్మ అయినా ఓర్వలేరని మా అమ్మ అనేది. నా సవతి మట్టిబొమ్మ కూడా కాదు. పైన వేలాడుతూ నా ముఖాన నీళ్లు కొడుతోంది.

పైడిరాజు లేచి నా జుట్టు చూశారు. "తడిసిందా?"

"లేదు, తలంటుకున్నాను."

"కోపమొద్దు రత్నం. కొంచెం టైమియ్యి. అలవాటు పడతాది."

"ఎవరు అలవాటు పడాలి? గుడ్డా, నేనా?"

ఆయన నవ్వేశారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఎడమవైపు గుడ్డని చేత్తో మెల్లగా నిమిరి, "హైమ ఇక్కడెంత హాయిగా పడుకునీదో తెల్సా," అన్నారు. "ఇంట్లో ఎప్పుడూ అంత నిద్ర నేదు దానికి. ఈ కొండ మీదే. కదిలీది కాదు, మెదిలీది కాదు. నేనెప్పుడు మెలకువొచ్చి సూసినా పసిపిల్లలాగ ఉండీది. దాని జీవితంలో సుఖంగా పడుకున్న రాత్రులంటే అవేననుకో."

పుండు మీద కారం చల్లడం ఆయనకి తెలియదు. తెలియకుండానే చల్లుతారు, అది ఇంకా మంట. తుడుచుకునే గుడ్డ తీసి నా వైపు పైకప్పంతా గట్టిగా తుడిచాను. తుడిచేటప్పుడు చెయ్యి కాస్త ఎక్కువే నొక్కాను.

---

ఈ గుడ్డ గొడవ మా ఇద్దరి మధ్యే ఉంటే ఎలాగో సర్దుకునేదాన్ని. కానీ మంచుకొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే సంస్థ ఒకటి మా టెంటు అడిగింది. వాళ్ల తరఫున ఠాకూర్ అనే ఆయన షెడ్డుకి వచ్చి అంతా చూసి, మెచ్చుకుని, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "పడుకునే మనుషులు మారితే? ఇది పాత ఊపిరిని మరిచిపోయి కొత్తది నేర్చుకుంటుందా?"

పాపం ఆయనకి మా ఇంటి సంగతి తెలియదు. నేనూ పైడిరాజూ ఇద్దరం నేల చూశాం.

న్యాయమైన ప్రశ్న. మనిషి మారినప్పుడల్లా టెంటు పారేయాలంటే దాన్నెవరు కొంటారు? జవాబు కోసం ఒకటే దారి ఉంది. మరిగే నీళ్లలో ఉతికితే, ఇస్త్రీ పెట్టె కింద మడత పోయినట్టు, ఆ పోగులు నేర్చుకున్న వంపు పోతుంది. పోయాక మళ్లీ నేర్చుకుంటాయో లేదో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అలాంటి గుడ్డ ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఆ దారం తీసే హైమవతి చేతి పాకం మాకు పట్టుబడలేదు. మేం తీసిన దారం గోనెసంచికి పనికొస్తుంది. ఉన్న ఒక్క గుడ్డ పాఠం మరిచి మళ్లీ నేర్చుకుందంటే, ఠాకూర్ సంస్థ మనుషులూ యంత్రాలూ ఇచ్చి దారం సంగతి తేలుస్తుంది. లేదంటే ఈ చలికాలంతో మా షెడ్డుకి తాళం.

"ఉతుకుదాం," అని నేను ఎన్నిసార్లో అన్నాను. "ముందు ఉతక్కుండా నీకు అలవాటు పడతాదేమో సూద్దాం," అని ఆయన అన్నిసార్లూ అన్నారు. శాస్త్రవేత్త మాటలా చెబుతారుగానీ అది మొగుడి మాట. ఆవిడ ఊపిరి మిగిలింది ఆ గుడ్డలోనే. దాన్ని నీళ్లలో ముంచడానికి ఆయనకి చేతులు రావు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినందుకే నా కడుపు మండేది.

మార్గశిరం రాగానే మా అత్త ఒక చిలకపచ్చ చీర తెచ్చింది. ముత్తయిదువగా పోయిన మొదటి భార్యకి ఏటా చీర పెట్టి, ఆ చీరని రెండో భార్య కట్టుకోవడం వాళ్లింటి ఆచారం. హైమవతి ఫొటోకి బొట్టు పెట్టి, ముందు పీట మీద చీర పెట్టి, మా అత్త నా వైపు చూసింది.

"దణ్ణమెట్టి, అప్పా అని పిలువు. పిలిసి తీసుకో."

అక్కని మా వైపు అప్ప అంటారు. దణ్ణం పెట్టాను. చీర తీసుకున్నాను. నోరు మాత్రం మెదపలేదు. మా అత్త కిందటేడు లాగే నిట్టూర్చి హారతి పళ్లెం లోపలికి తీసుకుపోయింది.

చీర కట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఆవిడ రంగుకి నప్పే పచ్చ అది, నాకు కాదు. ఆవిడ చీరంటే కట్టుకోగలను, ఆవిడ ఊపిరి ఎక్కడ తెచ్చి కట్టుకోను?

---

మళ్లీ కొండెక్కాం. లంబసింగిలో ఆ వారం చలి మరీ ఎక్కువైంది. కాఫీ తోటల మీద పొగమంచు పొద్దెక్కేదాకా లేవడం లేదు. అన్నం తినేటప్పుడు పైడిరాజు ఏదో గుర్తొచ్చి తనలో తను నవ్వుకున్నారు. ఎందుకని అడిగితే, "ఏటీ నేదు," అన్నారు. ఏమీ లేకుండా మనిషి అలా నవ్వడు.

ఆయన పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు. నిద్రలో ఆయన ఎవర్నైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని, పిలిస్తే ఎవరి పేరో వినాలని చెవులు రిక్కించి పడుకున్నాను. నా ఊపిరి చప్పుడే నాకు అడ్డొస్తోంది. అందుకని కాస్త పీల్చి, బిగబట్టి, విని, ఆ తర్వాత చప్పుడు కాకుండా మెల్లగా వదులుతున్నాను. మళ్లీ కాస్త పీల్చి, బిగబట్టి, వింటున్నాను.

నా నుదుటికి చల్లగాలి తగిలింది. కిటికీలోంచి అనుకున్నాను. మళ్లీ బిగబట్టి వదిలాను. మళ్లీ తగిలింది. తల పైన గుడ్డ రంగు లేతబడి, మళ్లీ ముదురైంది. నేను వదలబోయే ముందు తెరుచుకుంటోంది. నేను వదలడం అయ్యాక మూసుకుంటోంది. ఎన్నాళ్ల పరిచయమో ఉన్నట్టు నాతో కలిసి ఊపిరి తీస్తోంది.

పొద్దున్న నా వైపు ఒక్క బొట్టు లేదు.

ఎగిరి గంతెయ్యాలి నిజానికి. కానీ నేను కుట్లు చూసే మనిషిని. ఒక్క కుట్టు బాగుందని చొక్కా బాగుందనుకోను. మర్నాడు హాయిగా నిద్రపోయాను, తడిసి ముద్దయ్యాను. ఆ మర్నాడు కావాలని మేలుకుని, ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. పొడి. ఇంకోసారి నిద్రపోయి చూశాను, తడి. అనుమానం లేదు. గుడ్డ నన్ను నేర్చుకోలేదు. అది పాత పాఠమే చదువుతోంది. నేను మేలుకుని, ఊపిరి బిగబట్టి, పక్కనున్న మనిషిని వింటూ ఉంటే నా ఊపిరి దానికి తెలిసిన ఊపిరి అవుతోంది.

అంటే ఆ చలికాలమంతా ఎడమవైపు పడుకున్న మనిషి నిద్రపోలేదు.

కొండ దిగి ఇంటికి రాగానే మా అత్త దగ్గరికి పోయాను. వెనక అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నేనూ ఒక గుప్పెడు తీసుకుని పక్కన కూర్చున్నాను.

"అత్తా, హైమవతి కొండ మీద నిద్రపోయేదా?"

ఆవిడ చెయ్యి ఆగింది. "ఏటలాగడిగావు?"

"ఊరికే."

"నిద్రా! దానికి నిద్రేటమ్మా. ఆ ఏడు కార్తీకంలోనే డాక్టరు సెప్పీసేడు, ఎక్కువ కాలం నేదని. నీ మొగుడికి సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాది. 'తెలిస్తే టెంటొగ్గేసి నన్ను ఆస్పత్రుల సుట్టూ తిప్పుతారత్తా, ఈ ఒక్క చలికాలం ఆయన పక్కన ఉండనీ' అన్నాది. పగలు నవ్వుతా తిరిగీది. కొండ దిగొచ్చినప్పుడల్లా కళ్ల కింద నల్లగా సారలు." మా అత్త చింతపండు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఒకనాడు ఇక్కడే, నువ్వు కూకున్న కాడే కూకోని అన్నాది. 'అత్తా, సచ్చిపోతానని నాకు బాద నేదు. నేను పోయాక నా సోట్లోకి ఒకత్తి వచ్చి పడుకుంటాది సూడు, దాని మీద కడుపు మండిపోతన్నాది. అందుకే రాత్రంతా మేలుకోని ఆయన ఊపిరి ఇంటా ఉంటాను. ఇన్నవన్నీ నావి. మిగిలినవన్నీ దానివి కదా' అన్నాది."

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"నాతో ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగేవా? అప్పా అని ఒక్కసారి నోరిప్పనేదు. దాని గురించి నీకేటి సెప్పను?"

---

నాకు మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. పట్టరాని సంతోషం. ఆయన అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆ 'సుఖంగా పడుకున్న రాత్రులు' ఒట్టి మాట. పసిపిల్లలా పడుకున్నదనుకున్న మనిషి కళ్లు తెరుచుకుని కాలిపోతోంది. ఎవరి మీద? నా మీద. నా పేరు, ఊరు, ముఖం తెలియకుండా నా మీద. నేను ఆవిడ మీద కళ్లలో నిప్పులు పోసుకుంటున్నానని సిగ్గుపడ్డ రోజులున్నాయి. ఆవిడ నాకంటే ముందే మొదలుపెట్టింది! ఇక ఆయన 'హైమ ఇక్కడ ఎంత హాయిగా' అని మళ్లీ అననీ. ఒక్క మాటతో ఆ నోరు మూయిస్తాను. ఘాట్ రోడ్డు మలుపులన్నిటా ఆ మాటని నోట్లో తిప్పుకుంటూనే కొండెక్కాను.

ఆ రాత్రి నాకు మేలుకోవాలని లేదు. కానీ నిద్ర పట్టనూ లేదు. ఆయన ఊపిరి వింటూ, 'ఇది నాది, ఇదీ నాది' అని నాకు తెలియకుండానే అనుకుంటున్నాను.

పొద్దున్నే ఆయన కేక వేశారు. "రత్నం! ఇటు సూడు! నీ వైపు ఎండిపోయుంది!" గుడ్డంతా తడిమి చూశారు. కళ్లు మెరిసిపోతున్నాయి. "నిన్ను ఒప్పుకున్నాది! ఉతక్కుండానే నేర్చుకున్నాది! నేను సెప్పలేదూ?"

"ఆగండి. ఇంకొన్నాళ్లు చూద్దాం."

"ఇంకేటి సూడాలి?" అప్పటికే ఫోను తీసి, సిగ్నల్ కోసం బయటికి ఉరికారు. మంచులో నిలబడి ఠాకూర్‌తో పెద్దగా మాట్లాడడం వినబడింది. మనుషులు మారినా పర్లేదట, గుడ్డ దానంతటదే నేర్చుకుంటుందట, వచ్చి పట్టుకెళ్లండట, మీవాళ్లని ఇద్దర్ని అందులో పడుకోబెట్టి మంచు మీదికి పంపండట.

ఆ ఇద్దరూ అలిసిపోయి నిద్రపోతారు. నిద్రపోతే తడుస్తారు. ఇక్కడ తడిస్తే తుమ్ములు. అక్కడ తడిస్తే తెల్లారి లేస్తారో లేదో.

ఆయన లోపలికి వచ్చి నా పక్కన కూలబడ్డారు. ఆ ముఖంలో అంత సంతోషం నేను పెళ్లినాడు కూడా చూడలేదు. "హైమ నిద్రపోయిన సోట్లో నువ్వూ నిద్రపోతన్నావు. నాకింకేటీ అక్కర్లేదు రత్నం," అన్నారు.

చెప్పాలి. ఇప్పుడే. నేను నిద్రపోలేదు, అందుకే పొడిగా ఉంది. అంతవరకు చెబితే చాలు, మిగతాది ఆయనకే అర్థమైపోతుంది, ఆయన ఈ గుడ్డతోటే బతికిన మనిషి. ప్రమాదం తప్పుతుంది. నా పగ కూడా తీరుతుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. గాలి పీల్చాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఊపిరి బిగబట్టాను.

తల పైన గుడ్డ మెల్లగా లేతబడింది. నుదుటికి చల్లగా తగిలింది.

ఇలాగే బిగబట్టింది ఆవిడ కూడా. ఒక చలికాలమంతా ఈ మాటే నోటిదాకా వచ్చి, ఈ మనిషి ముఖం చూసి ఆగిపోయింది. చచ్చిపోతూ కూడా చెప్పలేదు. ఆవిడ దాచుకున్నదాన్ని బయటపెట్టడానికి నేనెవర్ని? చెబితే ఆయనకి ఆ రాత్రులు పోతాయి. దానికి బదులుగా నాకేం వస్తుంది?

ఊపిరి వదిలేశాను. "కాఫీ పెడతాను," అన్నాను.

ఎవరూ నన్ను దేవతని చెయ్యొద్దు. అప్పుడు కూడా నాకు కుళ్లుగానే ఉంది. కాకపోతే ఆ కుళ్లు ఎలా ఉంటుందో తెలిసిన ఇంకో మనిషి నా ఎడమవైపు ఉందనిపించింది. అంతే తేడా.

---

ఠాకూర్ వస్తున్నాడని పైడిరాజు అతన్ని తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్లారు. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. పెద్ద డేగిశాలో నీళ్లు మరిగించి, కుంకుడు రసం పోసి, టెంటు విప్పి, గుడ్డని దాని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఉతికేస్తే దాన్ని నమ్మి మంచు మీదికి ఎవరూ పోరు, ఆవిడ దాచిన మాటా బయటపడదు. ఎన్నాళ్లనుంచో ఉతకాలని తహతహలాడినదాన్ని. తీరా వేడి ఆవిరి ముందు కూర్చుంటే చేతులు రావడంలేదు. ఆవిరి తగిలి ఎడమవైపు గుడ్డ కదులుతోంది. తెరుచుకుంటోంది, ఆగుతోంది, వింటోంది.

ఫొటో ముందు రానిది ఇప్పుడు నోట్లోంచి వచ్చింది.

"ఇక పడుకో అప్పా," అన్నాను. "ఇంక వినక్కర్లేదు. నేనున్నాను."

గుడ్డని నీళ్లలో ముంచాను. సందులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. లోపల దాగిన గాలి బుడగలు బుడగలుగా చాలాసేపు పైకి వచ్చింది. అది ఆగేదాకా కర్రతో కలపకుండా ఊరుకున్నాను.

వాళ్లు వచ్చేసరికి గుడ్డ తీగ మీద వేలాడుతోంది, నీళ్లు కారుతూ. డేగిశాలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. పైడిరాజు చూశారు. గుడ్డని పట్టుకున్నారు, వదిలారు. ఠాకూర్ ఏమీ అర్థంకాక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఉతికీసేవా?"

"ఉతికేశాను."

"నిన్ను ఒప్పుకున్నాక కూడా? అంత కుళ్లేటి నీకు? పోయిన మనిషి ఊపిరి మీద కూడానా!"

"ఆవిడ ఊపిరి మీదే," అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఠాకూర్‌కి నేనే చెప్పాను. మొన్నటి ఫలితం తప్పు, నా వల్ల జరిగిన పొరపాటు, దాన్ని నమ్మి ఎవర్నీ కొండ మీదికి పంపొద్దు. ఇప్పుడు గుడ్డ ఖాళీగా ఉంది, మిగిలిన చలికాలంలో నేర్చుకుంటుందో లేదో నిజంగా చూసి చెబుతాం. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూసి, చలి వెళ్లేదాకా ఆగుతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంట్లో మాటల్లేవు. భోజనాల దగ్గర పైడిరాజు కంచంలో తలదించుకుని తిని లేచిపోయేవారు. మొగుడి మొదటి పెళ్లాం గుర్తుని వేణ్ణీళ్లలో ఉడకబెట్టిన కుళ్లుబోతుని నేను. ఆ పేరు మోశాను. బరువుగానే ఉంది. మా అత్త మాత్రం ఒకరోజు కొడుక్కి పెట్టకుండా ముందు నా కంచంలో వేడన్నం పెట్టి, నెయ్యి వేసి, నా తల మీద చెయ్యి వేసి వెళ్లింది.

---

పని పనే కాబట్టి మళ్లీ కొండెక్కాం. మొదటి పొద్దున్న ఇద్దరి మీదా చుక్కలు పడ్డాయి. ఆయన ఉలిక్కిపడి లేచి ముక్కు తుడుచుకున్నారు. గుడ్డ ఆయన్ని నేర్చుకున్నాక ఆ టెంటులో ఆయన తడవడం అదే మొదలు. నాకు లోలోపల బాగానే ఉంది, ఎందుకు దాచాలి. రోజూ ఇద్దరం తడవడం, పైకప్పు తుడవడం, బ్యాగులు ఎండలో ఆరేయడం, మాటల్లేకుండా. నేను మాత్రం పొద్దెక్కేదాకా మొద్దు నిద్ర పోయేదాన్ని. వినడానికి ఏమీ లేదు. వినవలసిందంతా అయిపోయింది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున్న కళ్లు తెరిస్తే, ఆయన మోచేతి మీద ఆనుకుని నా తల పైన గుడ్డనే చూస్తున్నారు. అక్కడ బొట్లున్నాయి, కానీ సగమే. ఆయన వైపు నిండా ఉన్నాయి.

"నేర్సుకుంటన్నాది," అన్నారు. చాలా రోజులకి నాతో అన్న మొదటి మాట. "రాత్రి సూశాను. నువ్వు గుర్రెడతంటే తెరుసుకుంటన్నాది. ఆలీసంగానే. కానీ తెరుసుకుంటన్నాది."

"మీరు పడుకోలేదా?"

"నేదు. నిద్రలో నువ్వెంత దొర్లుతావో తెల్సా రత్నం? కాళ్లు తంతావు. ఏదో గొణుగుతావు. నిన్నే సూస్తా పడుకున్నాను. నిద్రపోయే మనిషి ఇలాగుంటాది కదా అనుకున్నాను." మళ్లీ గుడ్డ వైపు తిరిగారు. "హైమ కదిలీది కాదు. ఒక్కనాడు కూడా కదల్లేదు. ఎవులైనా నిద్రలో అలాగ కదలకుండా ఉంటారా?"

బయట కాఫీ తోటలోకి ఎవరో మాట్లాడుకుంటూ పోతున్నారు. ఆ మాటలు దూరమయ్యేదాకా ఆయన గుడ్డ వంకే చూశారు.

"నీకు తెల్సు," అన్నారు చివరికి.

"తెలుసు."

"అందుకేనా ఉతికేవు?"

"కాదు," అన్నాను. "కుళ్లుతోనే."

ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశారు. తర్వాత తుడుచుకునే గుడ్డ తీసి, తన ముఖం తడిగా ఉన్నా, ముందు నా నుదురు తుడిచారు.